మిస్సమ్మ (1955 సినిమా)

మిస్సమ్మ 1955 జనవరి 12న విడుదలైన తెలుగు నలుపు-తెలుపు చలనచిత్రం. విజయా ప్రొడక్షన్స్ పతాకంపై బి.నాగిరెడ్డి, ఆలూరి చక్రపాణి నిర్మించిన ఈ చిత్రానికి ఎల్.వి.ప్రసాద్ దర్శకుడు. ఎన్.టి.రామారావు, సావిత్రి, అక్కినేని నాగేశ్వరరావు, జమున, ఎస్.వి.రంగారావు ముఖ్యపాత్రలు ధరించారు. సాలూరు రాజేశ్వరరావు సంగీతం, పింగళి నాగేంద్రరావు పాటలు, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం సమకూర్చారు. తెలుగు హాస్యచిత్రాల్లో అగ్రశ్రేణికి చెందినదిగా దీనికి పేరుంది. అయితే హాస్యం వెనుక ఈ కథను మొదటి నుంచి చివరిదాకా నడిపించేది ఒక డిటెక్టివ్ వ్యవహారం. చిన్నతనంలో తప్పిపోయిన జమీందారు కూతురిని అతని మేనల్లుడు వెతికి పట్టుకోవడమే ఆ వ్యవహారం. తెలుగు తెరపై డిటెక్టివ్ పాత్ర తొలినాళ్లలో పొందిన రూపం తెలుసుకోవడానికి ఈ చిత్రం మంచి ఉదాహరణ. ఆ రూపంలోని బలమూ, బలహీనతా రెండూ ఇందులో స్పష్టంగా కనిపిస్తాయి.

నేపథ్యం

షావుకారు (1950), పాతాళభైరవి (1951), పెళ్లిచేసి చూడు (1952) చిత్రాలతో విజయా సంస్థ నిలదొక్కుకున్నది. 1954లో వచ్చిన చంద్రహారం ఆశించిన ఆదరణ పొందలేదు. ఆ జానపద చిత్రం తరువాత సంస్థ మళ్లీ సాంఘిక హాస్యానికి మళ్లింది. షావుకారు, పెళ్లిచేసి చూడు చిత్రాలకు దర్శకత్వం వహించిన ఎల్.వి.ప్రసాద్‌కే ఈ బాధ్యత అప్పగించింది.

కథకు మూలాలు బెంగాలీవి. రవీంద్రనాథ్ మైత్ర రాసిన "మన్మయీ గర్ల్స్ స్కూల్" నాటకం ఒకటి, శరదిందు బందోపాధ్యాయ రాసిన "డిటెక్టివ్" అనే కథ రెండవది. మైత్ర నాటకం 1935లోనే బెంగాలీలో సినిమాగా వచ్చింది. ఉద్యోగం కోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరు ఉపాధ్యాయుల కథాంశం నాటకానిది. దానికి పరిశోధకుడి పాత్రను జోడించడంలో చక్రపాణి నేర్పు కనిపిస్తుంది. తెనాలికి చెందిన చక్రపాణి క్షయవ్యాధి చికిత్స కోసం మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకున్నాడు. శరత్ చంద్ర నవలలను తెలుగులోకి తెచ్చిన అనువాదకుడిగా సినిమారంగానికి ముందే పాఠకులకు తెలిసినవాడు.

తెలుగువారికి డిటెక్టివ్ సాహిత్యం పరిచయమైన దారి కూడా ఇదే. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పాంచ్‌కడీ దే వంటి బెంగాలీ రచయితల అపరాధ పరిశోధక నవలలు తెలుగులోకి అనువాదమయ్యాయి. శరదిందు బందోపాధ్యాయ 1932లో సృష్టించిన వ్యోమకేశ్ బక్షీ తనను తాను డిటెక్టివ్ అనుకోవడానికి ఇష్టపడడు, సత్యాన్వేషిని అని చెప్పుకుంటాడు. అటువంటి గంభీరమైన పరిశోధకుణ్ణి సృష్టించిన రచయిత కథాంశమే తెలుగులోకి వచ్చేసరికి నవ్వులాటగా మారింది. ఈ మార్పు వల్ల చిత్రానికి లాభమూ నష్టమూ రెండూ కలిగాయి.

నటీనటుల ఎంపిక

కథానాయిక మేరీ పాత్రకు మొదట భానుమతిని తీసుకున్నారు. కొంతభాగం చిత్రీకరణ జరిగాక ఆమెకూ, చక్రపాణికీ మధ్య విభేదాలు వచ్చి ఆమె తప్పుకున్నది. అప్పటికి రెండవ కథానాయిక సీత పాత్రకు ఎంపికై ఉన్న సావిత్రిని మేరీ పాత్రకు మార్చి, సీత పాత్రను జమునకు ఇచ్చారు. సావిత్రి నటజీవితంలో ఇది గొప్ప మలుపు.

డిటెక్టివ్ ఎ.కె.రాజు పాత్ర అక్కినేనికి దక్కడం అంతకంటే ఆసక్తికరమైన విషయం. దేవదాసు (1953) విజయం తరువాత విషాదపాత్రలకే పరిమితమైపోతానేమో అన్న ఆలోచనతో అక్కినేని ఈ హాస్యపాత్రను కోరి అంగీకరించాడు. కథానాయకుడు రామారావు కాగా, సమానస్థాయి గల మరొక నటుడు కథలో పక్కపాత్రగా, అదీ అందరూ నవ్వే పాత్రగా కనిపించడానికి ఒప్పుకోవడం ఆనాటికి చిన్న విషయం కాదు.

ఎల్.వి.ప్రసాద్, అక్కినేని అంతకుముందే పల్నాటి యుద్ధం (1947) చిత్రానికి కలిసి పనిచేశారు. ఆ చిత్రాన్ని ఆరంభించిన గూడవల్లి రామబ్రహ్మం 1946లో మరణించగా ప్రసాద్ దానిని పూర్తిచేశాడు. అందులో అక్కినేని బాలచంద్రుడు. కారెంపూడి రణభూమికి కదిలిన యువవీరుడుగా నటించినవాడు ఎనిమిదేళ్లకు అనుమానం తప్ప ఆయుధం లేని డిటెక్టివ్‌గా తెరకెక్కాడు. ఈ రెండు చిత్రాలను పక్కపక్కన చూసినవారికి నటుడిగా అక్కినేని పరిధి అర్థమవుతుంది.

రేలంగి దేవయ్యగా, రమణారెడ్డి డేవిడ్‌గా నటించారు. జమీందారు గోపాలం పాత్ర ఎస్.వి.రంగారావుది, అతని భార్య పాత్ర ఋష్యేంద్రమణిది. గుమ్మడి, అల్లు రామలింగయ్య, బాలకృష్ణ, దొరైస్వామి ఇతర పాత్రలు ధరించారు.

కథ

జమీందారు గోపాలం పెద్దకూతురు మహాలక్ష్మి చిన్నప్పుడు తీర్థయాత్రలో తప్పిపోతుంది. ఆమె కుడికాలిపై పుట్టుమచ్చ ఉండేదన్నదొక్కటే గుర్తు. కూతురి జ్ఞాపకార్థం గోపాలం తన ఊళ్లో పాఠశాల పెట్టిస్తాడు. దాని బాగోగులు చూసే మేనల్లుడు రాజుకు డిటెక్టివ్ పిచ్చి. తప్పిపోయిన మహాలక్ష్మిని తానే కనిపెడతానని పట్టుబట్టి ఉంటాడు. గోపాలం రెండవ కూతురు సీత అంటే అతనికి ఇష్టం.

పాఠశాలకు బి.ఎ. చదివిన భార్యాభర్తలు ఉపాధ్యాయులుగా కావాలని పత్రికలో ప్రకటన వెలువడుతుంది. మద్రాసులో ఉద్యోగం దొరకక తిరుగుతున్న ఎం.టి.రావు ఆ ప్రకటన చూస్తాడు. పేరులోనే "ఖాళీ" అన్న ఆంగ్లపదం ధ్వనించే ఈ నిరుద్యోగికి తోడు అదే అవస్థలో ఉన్న మేరీ. ఆమెను పెంచిన క్రైస్తవ దంపతులు డేవిడ్‌కు బాకీ పడ్డారు. బాకీ తీరకపోతే పెళ్లికి ఒప్పుకోమని అతడు వెంటపడుతుంటాడు. వేరే దారి లేక రావు, మేరీ భార్యాభర్తలమని అబద్ధం చెప్పి ఉద్యోగంలో చేరతారు. రావు హిందువు, మేరీ క్రైస్తవురాలు. హిందూ గృహిణిగా నటించవలసిరావడం ఆమెకు కష్టంగా ఉంటుంది. గోపాలం దంపతులు ఆమెను కన్నకూతురిలా చూసుకుంటారు. ఆ ఆప్యాయతే ఆమెను మరింత ఇబ్బంది పెడుతుంది. రావు సీతకు సంగీతం నేర్పడం మొదలుపెట్టాక రాజుకు అనుమానం, మేరీకి అసూయ పుడతాయి. డేవిడ్ ఆ ఊరిని వెతుక్కుంటూ రావడంతో చిక్కులు ముదురుతాయి. చివరకు మేరీ కాలిమీది పుట్టుమచ్చ రాజు కంటపడుతుంది. ఆమెను పెంచిన పాల్ దంపతుల ద్వారా అసలు సంగతి రుజువై, మేరీయే మహాలక్ష్మి అని తేలుతుంది.

డిటెక్టివ్ కథగా బలాలు

ఈ కథలో హత్య లేదు, దొంగతనం లేదు, హంతకుడెవరన్న ప్రశ్న లేదు. నేరమంటూ ఉంటే అది రావు, మేరీలు ఆడిన అబద్ధమే. దానిని ప్రేక్షకుడు కళ్లారా చూస్తాడు. మేరీ ఎవరన్నది కూడా కథ సగం చేరకముందే తేలికగా ఊహిస్తాడు. అంటే డిటెక్టివ్ వెతుకుతున్న జవాబు ప్రేక్షకుడి చేతిలోనే ఉంది. వెతికేవాడికే అది లేదు. వెతుకుతున్న మనిషి అదే ఊళ్లో, అదే లోగిలిలో తిరుగుతుంటే డిటెక్టివ్ ఆమెను తప్ప లోకాన్నంతా అనుమానిస్తాడు.

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తన సంభాషణల్లో ఆశ్చర్యానికీ ఉత్కంఠకూ గల తేడాను బల్లకింది బాంబు ఉదాహరణతో వివరించాడు. బాంబు ఉన్నట్టు ప్రేక్షకుడికి ముందే తెలిస్తే మామూలు సంభాషణ కూడా ఊపిరి బిగబట్టి వినవలసి వస్తుంది. మిస్సమ్మలో బల్లకింద ఉన్నది బాంబు కాదు, ఒక కూతురు. గోపాలం దంపతులు మేరీని ముద్దుచేసే ప్రతి సన్నివేశానికీ ఈ ఎరుక వల్ల రెండు అర్థాలు వస్తాయి. పాత్రలు ఒక అర్థంతో మాట్లాడుకుంటాయి, ప్రేక్షకుడు రెండవది వింటాడు. పెంచినవారి బాకీకోసం అబద్ధమాడుతున్న అమ్మాయిని కన్నవారే ఆదరిస్తున్నారన్నది ఎవరూ నోటితో చెప్పరు. రంగారావు గొంతులోని ఆర్ద్రత చాలు. ఈ సన్నివేశాలు అర్ధశతాబ్దం దాటినా పాతబడకపోవడానికి ముఖ్యకారణం ఇదేనని చెప్పవచ్చును.

రాజు పాత్ర నిర్మాణం రెండవ బలం. డిటెక్టివ్ నవలలు చదివి తానూ డిటెక్టివునే అనుకునే కుర్రవాళ్లు ఆనాటి పట్టణాల్లో అరుదు కాదు. అక్కినేని ఆ రకం మనిషిని వెటకారంగా కాక సీరియస్‌గా నటించాడు. రాజుకు తానొక హాస్యపాత్ర అని తెలియదు. కనుబొమ్మ పైకెత్తడం, మాట మధ్యలో ఆగి ఏదో గ్రహించినట్టు తల పంకించడం, వచ్చిన తప్పుడు నిర్ణయాన్ని గర్వంగా ప్రకటించడం అన్నీ పూర్తి నమ్మకంతో చేస్తాడు. నవ్వు అక్కడినుంచే పుడుతుంది. అతడు చూసేవన్నీ నిజాలే, వాటినుంచి తీసే అర్థాలే తప్పు. రావు, మేరీల మధ్య ఏదో తేడా ఉందని అందరికంటే ముందు పసిగట్టేవాడు అతడే. ఇది ఒప్పుకోవలసిన విషయం. అయితే ఆ తేడాను సీతమీద రావుకున్న ఆసక్తిగా చదువుకుంటాడు. అసూయపడే ప్రేమికుడు డిటెక్టివ్ కళ్లద్దాలు పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఈ పాత్ర అలా ఉంటుంది.

మూడవది, పరిశోధన కథను మిగిలిన ఉపకథలతో ముడివేసిన తీరు. నిరుద్యోగం, అప్పు, డేవిడ్ బెడద, సంగీత పాఠాలు, దేవయ్య గడుసుతనం ఇవన్నీ ఒకదానినొకటి నెట్టుకుంటూ పోతాయి. రాజు అనుమానం సీత మనసును కదిలిస్తుంది, సీత చనువు మేరీని కదిలిస్తుంది, మేరీ కోపం రావును కదిలిస్తుంది. రాజు అసలు పనిలో ఏమీ సాధించకపోయినా అతని వృథాప్రయాసే మిగిలిన ముగ్గురి కథనూ ముందుకు తోస్తుంది. చక్రపాణి కథనంలో ఇంత బిగువైన అల్లిక మరెక్కడా లేదనడం అతిశయోక్తి కాదు.

బలహీనతలు

పరిశోధనగా చూస్తే మాత్రం ఈ కథ నిలవదు. బ్రిటిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. యాదృచ్ఛిక సంఘటన ఏదీ డిటెక్టివ్‌కు సాయపడరాదన్నది వాటిలో ఒకటి. మిస్సమ్మలో యాదృచ్ఛికమే డిటెక్టివ్. మద్రాసు మహానగరంలోని నిరుద్యోగులందరిలో తప్పిపోయిన కూతురే ఆ ప్రకటనకు జవాబుగా తన కన్నతండ్రి గుమ్మంలోకి నడిచివస్తుంది. రాజు వెతికి తెచ్చింది కాదు. హాస్యచిత్రంలో ఒక యాదృచ్ఛికాన్ని ప్రేక్షకుడు క్షమిస్తాడన్నది నిజమే. కాని చిత్రం పూర్తయ్యే వేళకు రాజు తెలివిని మెచ్చుకోమని కథ అడుగుతుంది. ఆ మెప్పు అతడు సంపాదించుకున్నది కాదు.

పుట్టుమచ్చ మరొక చిక్కు. గుర్తును చూసి మనిషిని పోల్చుకోవడం కథల్లో అతి పురాతనమైన పద్ధతి. హోమర్ కావ్యంలో ఒడిస్సియస్‌ను ముసలిదాది కాలి మచ్చ చూసి గుర్తుపడుతుంది. కాళిదాసు శాకుంతలంలో ఉంగరం ఆ పని చేస్తుంది. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో ఇటువంటి బాహ్యచిహ్నాల గుర్తింపును అన్నిటికంటే తక్కువ నేర్పు గలదిగా లెక్కించాడు. కథా సంఘటనలనుంచే సహజంగా పుట్టే గుర్తింపు ఉత్తమమన్నాడు. మిస్సమ్మలో ఉత్తమమైన గుర్తింపుకు కావలసిన సామగ్రి అంతా ఉంది. గోపాలం దంపతుల ఆప్యాయత, మేరీలో కలిగే తెలియని మెత్తదనం, ఇంటితో పెరిగే అనుబంధం ఉన్నాయి. వీటినుంచి నిజం బయటపడి ఉంటే గొప్పగా ఉండేది. వీటిని పక్కనపెట్టి కాలిమీది మచ్చకు తీర్పు అప్పగించారు.

సీత, మేరీ ఇద్దరూ తమ గురించి తాము ఏమీ కనిపెట్టరు. కనిపెట్టే పని అంతా మగవారిదే. చదువుకొని, ఉద్యోగం చేసి, అప్పు తీర్చాలని తెగించిన మేరీకి తన పుట్టుక సంగతి ఇతరులు వెతికి చెప్పవలసిన వార్తగా అందుతుంది. తాను పెంపుడుబిడ్డనన్న విషయం మీద ఆమె ఏమనుకున్నదో, పెంచిన తల్లిదండ్రులతో ఏం మాట్లాడిందో చూపడానికి చిత్రం తీరిక చేసుకోదు. సావిత్రి వంటి నటి ఉండి ఆ సన్నివేశం రాయకపోవడం పెద్ద లోటు.

మూడుగంటల నిడివిలో మధ్యభాగంలో కొంత సాగతీత ఉన్నది. పాఠశాల కథ కూడా అక్కడే కనుమరుగవుతుంది. ఇద్దరు ఉపాధ్యాయులు ఊరికి వచ్చింది పిల్లలకు చదువు చెప్పడానికని ప్రేక్షకుడు మరచిపోయేంతగా తరగతిగది వెనక్కు పోతుంది.

మేరీ మతం, పల్నాడు నేపథ్యం

మేరీని మహాలక్ష్మిగా మార్చడం వల్ల డిటెక్టివ్ కథ పూర్తవుతుంది. దానితోపాటు మరొకటి కూడా జరుగుతుంది. హిందువైన రావు క్రైస్తవురాలైన మేరీని పెళ్లాడవలసిన అవసరం తప్పిపోతుంది. చిత్రంలో అన్నిటికంటే చర్చించదగిన అంశం ఇదే.

ఉద్యోగం చేసే క్రైస్తవ యువతి 1955 నాటి తెలుగు ప్రేక్షకుడికి కల్పితపాత్ర కాదు. ముఖ్యంగా అప్పటి గుంటూరు జిల్లాలో ఆమె బాగా తెలిసిన మనిషి. అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. 1849లో పల్నాటిలోని గురజాలకు వెళ్లి అక్కడ పనిచేశాడు. ఆ తరువాత నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాలలో మిషన్ బడులు, ప్రార్థనామందిరాలు విస్తరించాయి. ఇతర కులాల్లో ఆడపిల్లలను బడికి పంపడం అరుదుగా ఉన్న కాలంలో మిషన్ బడుల్లో చదివిన క్రైస్తవ స్త్రీలు పంతులమ్మలుగా, నర్సులుగా పనిచేశారు. చిత్ర కథానాయకుడు రామారావు సైతం గుంటూరులో 1885లో లూథరన్ మిషన్ స్థాపించిన కళాశాలనుంచే (నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల) బి.ఎ. పట్టా పొందాడు. నరసరావుపేట కేంద్రంగా ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న గుంటూరు నుంచి విడివడి పల్నాడు జిల్లాగా ఏర్పడింది.

ఈ ప్రాంతంలో క్రైస్తవం స్వీకరించినవారిలో అధికులు మాల, మాదిగ కులాలవారు. అందువల్ల "ఆమె క్రైస్తవురాలు" అన్న మాటకు మతంతోపాటు కులం కూడా వినిపించేది. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా జీవితమే దీనికి సాక్ష్యం. యువకుడిగా రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెరపక్క నిలబడి కథ వినిపించే పని కూడా చేసిన జాషువా, కులం పేరుతో హిందూ పండితుల అవమానాలనూ, హిందూ పురాణ వస్తువులు తీసుకున్నందుకు క్రైస్తవ పెద్దల ఆగ్రహాన్నీ చవిచూశాడు. మతమూ పుట్టుకా అంత బరువుగా ఉన్నచోట మిస్సమ్మ వాటిని సరదాగా ఎత్తుకుంది, చివర పుట్టుమచ్చతో దించివేసింది. మేరీ జమీందారు కూతురని తేలేసరికి మతం ప్రశ్నతోపాటు ఎవరూ పలకని కులం ప్రశ్న కూడా సమసిపోయింది.

చట్టం దృష్ట్యా ఈ జాగ్రత్త అవసరం లేదు. వేర్వేరు మతాలవారు మతం మారకుండానే పెళ్లి చేసుకొనే వీలును విస్తృతపరచిన ప్రత్యేక వివాహ చట్టం 1954లో పార్లమెంటు ఆమోదం పొంది, 1955 జనవరి 1న అమలులోకి వచ్చింది. చిత్రం విడుదలైంది సరిగ్గా 11 రోజుల తరువాత. సినిమా సంప్రదాయంలోనూ ముందుదారి లేకపోలేదు. పల్నాటి యుద్ధాన్ని మొదలుపెట్టిన గూడవల్లి రామబ్రహ్మమే 1938లో మాలపిల్ల తీశాడు. బ్రాహ్మణ యువకుడు హరిజన యువతిని ప్రేమించిన ఆ కథలో ఆమె పుట్టుకలో రహస్యమేమీ లేదు, చివర ఆమె మరొకరి కూతురని తేలదు. ఆ చిత్రం కూడా విజయం పొందింది. అంటే ప్రేక్షకుడు ఒప్పుకోడన్న భయం పూర్తిగా నిజం కాదన్నమాట.

విజయా వారి పక్షాన చెప్పదగిన మాట ఒకటి ఉన్నది. పుట్టుమచ్చ బయటపడకముందే మేరీ రావును ప్రేమిస్తుంది. సీత విషయంలో ఆమె పడే అసూయే దానికి రుజువు. మనసు తేల్చుకున్నాకే పుట్టుక తేలింది. పైగా మేరీని పెంచిన దంపతులను చిత్రం గౌరవంగా చూపింది, మేరీమాతను ప్రార్థించే పాటను భక్తితోనే చిత్రీకరించింది. క్రైస్తవ పాత్రను మద్యంతోనో, మోసంతోనో ముడిపెట్టడం తరువాతి దశాబ్దాల సినిమాల్లో అలవాటైపోయింది. ఆ దృష్టితో చూస్తే మేరీ పాత్రకు ఇచ్చిన వ్యక్తిత్వం అరుదైనది. డేవిడ్ మాత్రం నవ్వులాట ప్రతినాయకుడిగానే మిగిలిపోయాడు. అతనిలో కూడా ఒక మనిషిని చూపే ప్రయత్నం జరగలేదు.

ఛాయాగ్రహణం, సంగీతం

నలుపు-తెలుపు డిటెక్టివ్ చిత్రమనగానే చీకటి సందులు, పొడుగాటి నీడలు గుర్తుకువస్తాయి. జాన్ హ్యూస్టన్ తీసిన ది మాల్టీస్ ఫాల్కన్ (1941), కారోల్ రీడ్ తీసిన ది థర్డ్ మ్యాన్ (1949) చిత్రాలు ఈ పద్ధతికి ప్రసిద్ధ ఉదాహరణలు. వాటిలో నీడ భయానికి గుర్తు. మార్కస్ బార్ట్‌లే మిస్సమ్మలో ఇందుకు విరుద్ధంగా పనిచేశాడు. ఇక్కడి రాత్రి వెన్నెలరాత్రి. రావు, మేరీ ఎడమొహం పెడమొహంగా ఉండి ఒకరిమీద ఒకరు చందమామకు ఫిర్యాదు చేసుకొనే పాటలో ఆకులమీదా, ముఖాలమీదా పడే మెత్తని వెలుతురు తరువాత కాలంలో "బార్ట్‌లే వెన్నెల"గా పేరుపొందిన పనితనానికి చక్కని నమూనా. నిజం దాచే చీకటి కాక, దాగనివ్వని వెన్నెల ఈ కథకు తగినది.

రామారావుకు ఎ.ఎం.రాజా, సావిత్రికి పి.లీల, జమునకు పి.సుశీల పాడారు. రాజేశ్వరరావు బాణీలు, పింగళి చమత్కారం కలిసి ఈ పాటలు నేటికీ తెలుగునాట వినిపిస్తూనే ఉన్నాయి. పాటల్లో అధికభాగం కథను ఆపకుండా నడిపిస్తాయి. రావు, మేరీల తగాదాలూ రాజీలూ మాటల్లో కంటే పాటల్లోనే ఎక్కువ జరుగుతాయి.

ఇతర భాషలలో, తరువాతి చిత్రాలలో

ఈ చిత్రాన్ని తమిళంలో మిస్సియమ్మ పేరుతో ఏకకాలంలో తీశారు. అది 1955 జనవరి 14న విడుదలైంది. రావు పాత్రను జెమినీ గణేశన్, డిటెక్టివ్ పాత్రను కె.ఎ.తంగవేలు ధరించారు. సావిత్రి, జమున, రంగారావు తెలుగులోని పాత్రలనే పోషించారు. 1957లో ఏవీఎం సంస్థ ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలోనే హిందీలో మిస్ మేరీ నిర్మించింది. అందులో మీనాకుమారి మేరీ, జెమినీ గణేశన్ కథానాయకుడు, కిశోర్ కుమార్ డిటెక్టివ్. తంగవేలు హాస్యనటుడిగానే పేరొందినవాడు, కిశోర్ కుమార్ అల్లరికి ప్రసిద్ధుడు. అందువల్ల ఆ రెండు భాషల్లో డిటెక్టివ్ మొదటినుంచీ నవ్వించేవాడిగానే కనిపిస్తాడు. దేవదాసుగా ఏడిపించిన నటుడు ఆ వేషం వేయడం వల్ల తెలుగులో కలిగిన వింత వాటిలో లేదు.

గంభీరమైన పరిశోధకుణ్ణి తెలుగు చిత్రసీమ తరువాతి దశాబ్దంలో తెరకెక్కించింది. విజయా సంస్థే తాపీ చాణక్య దర్శకత్వంలో రామారావు కథానాయకుడిగా సి.ఐ.డి. (1965) తీసింది. మరుసటి ఏడు కృష్ణ నటించిన గూఢచారి 116 విజయంతో గూఢచారి చిత్రాల ఒరవడి మొదలైంది. రాజు వంటి అమాయకపు డిటెక్టివ్ తెలుగు తెరమీద మళ్లీ అంతటి ఆదరణ పొందడానికి మల్లాది వెంకటకృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల దర్శకత్వం వహించిన చంటబ్బాయ్ (1986) దాకా ఆగవలసివచ్చింది. అందులో చిరంజీవి ధరించిన పాండురంగ్ పాత్రకు అప్పగించిన పని కూడా హంతకుణ్ణి పట్టుకోవడం కాదు, ఎప్పుడో దూరమైన రక్తసంబంధీకుణ్ణి వెతికిపెట్టడమే.